ఆరబెట్టిన పద్దు

ఇంటి ఖర్చులు పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు మా అమ్మ నుంచి వచ్చింది. పాలు, కూరలు, గ్యాసు, పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళలో చదివింపులు, అన్నీ రాస్తాను. 2024 సంవత్సరానికి మాత్రం మా ఇంట్లో రెండు పుస్తకాలున్నాయి. మొదటిది ఆగస్టు దాకా రాసినది. అది బుడమేరు నీళ్ళలో ఎనిమిది రోజులు నానింది. ఎండబెట్టాక ఉబ్బిపోయి, తెరిస్తే కాగితాలు చేతికి ఊడి వస్తున్నాయి. రెండోది సెప్టెంబరు రెండో వారంలో మా పుట్టింటి వీధిలో కొన్న నోటు పుస్తకం.

ఆ రెండో పుస్తకంలో ఎడమవైపు పేజీకి "పోయినవి" అని, కుడివైపు పేజీకి "ఆరబెట్టినవి" అని పేరు పెట్టాను. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, రెండు పరుపులు, చెక్కపొట్టు అట్టలతో చేయించిన వంటింటి అలమరాలు, అమ్మాయి ఇంటర్ పుస్తకాలు ఎడమవైపు. ఇల్లు మళ్ళీ పొడిగా అవడానికి పెట్టిన ప్రతి రూపాయీ కుడివైపు. ఆ తర్వాత ఎక్కడ పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా, "మీకేం పోయాయమ్మా?" అని అడిగినవాళ్ళే. "ఇల్లు ఆరడానికి ఎంతయింది?" అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళను తప్పు పట్టడం లేదు. మా ఇంట్లోకి నీళ్ళు రాకముందు నేనూ ఎవరినీ అడగలేదు.

అందుకే ఈ సంగతి రాద్దామనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక మా ఇంటి కథ ఒక్కటే సరిపోదనిపించింది. మనవాళ్ళు ఇంతకుముందు వరదలొచ్చినప్పుడు ఇళ్ళు ఎలా ఆరబెట్టుకున్నారో, ఆ ఖర్చు ఎవరు మోశారో చూద్దామని కొన్ని పుస్తకాలు తిరగేశాను. కొంత మా అత్తయ్యను అడిగాను.

ముందు మా వరద సంగతి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడ పక్క నుంచి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కడి నుంచి వరద నీటిని మళ్ళింపు కాలువలో ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్ళి కృష్ణలో కలుపుతారు. 2024 ఆగస్టు 31న మొదలైన వానకు ఆ కాలువ నిండి గండ్లు పడ్డాయి. కృష్ణేమో తనే పొంగి ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు లెక్కగట్టారు. అంతకుముందు 2009 అక్టోబరులో వచ్చిన 11 లక్షల 10 వేలే రికార్డు. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, ఇలా ఊరిలో పల్లపు వైపంతా మునిగింది. సైన్యం సాయంతో మూడో గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది.

మాది పాయకాపురం వైపు, కింది అంతస్తు, రెండు పడకగదుల సొంత ఇల్లు. నాలుగున్నర అడుగుల నీళ్ళు. మేం పై అంతస్తువాళ్ళింట్లో మూడు రోజులుండి, పడవలో బయటపడి మా అమ్మ దగ్గరకు వెళ్ళాం.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, పత్రికల్లో వచ్చాయి, ప్రభుత్వం చెప్పింది. క్యూసెక్కులు, గండ్లు, తేదీలు అన్నీ లెక్కలో ఉన్నాయి. నీళ్ళు తీసేశాక ఏం జరిగిందన్నదే ఎక్కడా రాసి లేదు. పాత వరదల సంగతీ అంతే.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజాం ప్రభుత్వం మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నదికి ఎగువన నీళ్ళు ఆపాలని ఆయన చెప్పిన ప్రకారమే 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఒక వరద వల్ల ఒక మహానగరం రూపమే మారింది. ఈ చరిత్ర చదువుతుంటే గర్వంగానే ఉంటుంది.

అయితే ఆ వరదలో కూలిపోకుండా నిలబడ్డ ఇళ్ళు కూడా ఉన్నాయి కదా. వాటిలోకి ఆడవాళ్ళు తిరిగి ఏ రోజున అడుగుపెట్టారు, బురద ఎన్ని తట్టలు ఎత్తారు, ఆ గోడలు ఎప్పటికి ఆరాయి, చంటిబిడ్డలను ఎక్కడ పడుకోబెట్టారు? నేను చదివినంతలో ఆ ముక్క ఎక్కడా కనిపించలేదు. కూలిన ఇల్లు లెక్కలోకి వస్తుంది. నిలబడి తడిసిన ఇల్లు ఆ ఇంటివాళ్ళ సొంత వ్యవహారం అయిపోతుంది.

పుస్తకాల్లో లేని ఆ ముక్క మా అత్తయ్య దగ్గర దొరికింది.

అత్తయ్య పుట్టిల్లు దివిసీమ, అవనిగడ్డకు దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడకు 21 ఏళ్ళు. సముద్రం మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కే దాదాపు పదివేల మందిని చెప్పింది. ఊళ్ళో పోయినవాళ్ళ గురించి అత్తయ్య మాట్లాడదు. మేమూ అడగం. ఇంటి గురించి అడిగితే మాత్రం చెబుతుంది.

వాళ్ళది తాతగారు కట్టించిన పెంకుటిల్లు. ఇటుక గోడలు, గానుగ సున్నంతో కట్టు, సున్నపు పూత, కింద నాపరాళ్ళు. పెంకులు ఎగిరిపోయాయి కానీ గోడలు నిలిచాయి. "అమ్మాయ్, ఆ ఇంట్లో తడిస్తే పాడయ్యే సామానే తక్కువ. బియ్యం, ధాన్యం పోయాయి. భోషాణం ఉబ్బింది, తర్వాత ఎండింది. నులక మంచాలు విప్పి కొత్త నులక అల్లుకున్నాం. ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమాం. బట్టలు ఉతికాం. అంతే" అంది.

ఆ "అంతే" అన్న మాటను నేను ఊరికే వదల్లేదు. ఎన్నాళ్ళు పట్టింది, ఎవరు చేశారు అని గుచ్చి గుచ్చి అడిగాను. నెలన్నర పాటు రోజూ తెల్లవారుజామున అత్తయ్య వాళ్ళమ్మ, పిన్ని, అత్తయ్య ముగ్గురూ లేచి, మంచినీళ్ళు మోసుకొచ్చి గోడలు కడిగేవారట. ఊళ్ళో బావులన్నీ ఉప్పగా అయిపోయాయి. మంచినీళ్ళు దూరం నుంచి తేవాలి. తాగడానికే కటకటగా ఉన్నప్పుడు గోడలకు నీళ్ళేమిటని తాతగారు కేకలేశారట. అయినా అమ్మమ్మగారు మానలేదు. "ఉప్పు గోడలో ఉండిపోతే ఇల్లు ఎప్పటికీ ఆరదు" అందట.

ఆమె చదువుకున్నావిడ కాదు. కానీ ఆ మాట అక్షరాలా నిజం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనే నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి చూసిన ఏ ఇల్లాలికైనా ఇది తెలిసిన సంగతే. సముద్రపు నీళ్ళు తాగిన గోడ ఎండాకాలంలో పొడిగా కనిపిస్తుంది, తొలకరి రాగానే చెమ్మగిల్లుతుంది. ఆ ఇంటి పడమటి గోడకు చివరిదాకా కడుగుడు అందలేదు. నడుమెత్తు దాకా పూత రాలిపోతూనే ఉండేదట. అత్తయ్య పెళ్ళై వచ్చేశాక కూడా, పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ గోడ కింద తెల్లటి పొడి ఊడ్చేవారట.

అంటే అప్పట్లో ఇల్లు ఆరబెట్టడానికి డబ్బు పెద్దగా ఖర్చు కాలేదు. ముగ్గురు ఆడవాళ్ళ నెలన్నర ఖర్చయింది. దాన్ని ఖర్చని ఎవరూ అనుకోలేదు కాబట్టి అత్తయ్య కూడా "అంతే" అనేసింది.

మరి మా ఇంటికి వచ్చేసరికి డబ్బు ఎందుకంత అయింది? దీనికి ఇంటి సామగ్రి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో 1824లో పేటెంటు వచ్చింది. మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో తయారీ మొదలైంది. అది పల్లెటూరి ఇళ్ళదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా మనకు సున్నమూ, మట్టీనే. సున్నపు పూతకు సన్నటి రంధ్రాలుంటాయి. తడిసినప్పుడు నీళ్ళు పీల్చినట్టే, ఎండ తగిలినప్పుడు ఆవిరిని బయటికి వదిలేస్తుంది. సున్నానికి క్షార గుణం ఉంది కాబట్టి బూజు కూడా తొందరగా పట్టదు. ఏటా సంక్రాంతికి ముందు వెల్ల వేయడం అలంకారం కోసమే అనుకునేదాన్ని. అది గోడ ఆరోగ్యం కోసం కూడానని ఇప్పుడు తెలిసింది.

మా గోడలు ఇటుకలే. కానీ దాని మీద సిమెంటు పూత, దాని మీద రెండు సార్లు పుట్టీ, దాని మీద మెరిసే ప్లాస్టిక్ రంగు. కింద టైల్సు, వాటి అంచున గోడకు అరడుగు టైల్సు. నీళ్ళు ఇటుకలోకి కింది నుంచి ఎక్కాయి, బయటికి వచ్చే దారి మాత్రం మూసుకుపోయి ఉంది. పైగా కరెంటు తీగలు గోడ లోపలే. మంచాలు, అలమరాలు, తలుపులు అన్నీ పొరలు అంటించిన చెక్కలు. ఇరవై ఏళ్ళుగా మనం ఇంటికి చేయించుకున్న సోకులన్నీ తడిస్తే ఆరనివే.

ఇక కుడివైపు పేజీ. కొందరికి పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. బురద ఎత్తడానికి ఇద్దరు మనుషులు నాలుగు రోజులు, 8,000. (ముందు గది, వరండా అగ్నిమాపక శాఖ బండి వచ్చి గొట్టంతో కడిగి వెళ్ళింది. వీధి వీధీ అలా కడిగారు. ఆ కుర్రాళ్ళకు దణ్ణం పెట్టాలి.) సంపు, పైన ట్యాంకు శుభ్రం చేయించడానికి 2,500. కరెంటు పని, కొత్త స్విచ్చి బోర్డులు 11,500. టెంటు సామాన్ల కొట్టు నుంచి రెండు పెద్ద ఫ్యాన్లు పదిరోజుల అద్దె 3,000. వాటికి, ఇంట్లో రాత్రింబవళ్ళు తిరిగిన ఫ్యాన్లకు అదనంగా వచ్చిన కరెంటు బిల్లు 3,200. బ్లీచింగు, ఫినాయిలు 1,850. బిగుసుకుపోయిన తలుపులు చిత్రిక పట్టించడానికి 3,600. ఇల్లు ఉండడానికి వీల్లేక నెల రోజులు తీసుకున్న గది అద్దె 7,000. ఆ చెమ్మకు అత్తయ్యకు ఆయాసం వస్తే డాక్టరుకు, మందులకు 4,350.

ఇంతవరకు 45,000. ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

కర్నూలులో మా పిన్ని కూతురుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు వాళ్ళ ఇల్లు మునిగింది. మాకు వరద వచ్చిందని తెలియగానే ఫోన్ చేసి, "ఆత్రపడొద్దక్కా. గోడకు రంగు ఈ సంవత్సరం వద్దు. మేం అదే తప్పు చేసినాం" అని చెప్పింది. గోడ ఆరిందో లేదో చూసుకునే కిటుకు కూడా చెప్పింది. ఒక మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని జానెడు వెడల్పు కత్తిరించి, నాలుగు పక్కలా టేపుతో గోడకు గట్టిగా అంటించి, మర్నాడు చూడాలి. లోపలివైపు చెమట పట్టినట్టు చుక్కలుంటే గోడ ఇంకా తడే.

తడి గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున పడుతుందని ఇంజనీర్లలో ఒక మోటు లెక్క ఉంది. మా బయటి గోడలు తొమ్మిదంగుళాలు. రెండు వైపుల నుంచీ ఆరుతుందనుకున్నా నాలుగున్నర నెలలు. అదీ పూత గీకేసి, గాలి తగలనిస్తే.

నేను ఏం చేశాను? దీపావళికి ఇల్లు ఇంటిలా ఉండాలనుకున్నాను. పిల్లలు ఆ మరకల గోడల మధ్య చదువుకోలేకపోతున్నారనుకున్నాను. అసలు నిజం చెప్పాలంటే, ఆ గోడ మీద మట్టి గీత చూసినప్పుడల్లా నాకు పడవలో కూర్చున్న రోజు గుర్తొచ్చేది. అది కనిపించకూడదు, అంతే. రంగులేసే ఆయన చెయ్యి పెట్టి చూసి, "పదిహేను రోజుల ఎండ సరిపోయిందమ్మా, గోడ ఆరిపోయింది" అన్నాడు. అత్తయ్య, "పైన ఆరింది, లోపల ఆరలేదు. సంక్రాంతి పోనీ" అంది. మా ఆయన, "డబ్బులు ఎక్కడున్నాయి?" అన్నారు. నా చేతి గాజులు బ్యాంకులో పెట్టి 40,000 తెచ్చాను. అక్టోబరు మూడో వారంలో పుట్టీ పెట్టించి, లేత గులాబీ రంగు వేయించాను. 28,000. మిగిలినవి పిల్లల పుస్తకాలకు, బట్టలకు పోయాయి.

దీపావళి నాడు ఇల్లు నిజంగానే అందంగా ఉంది. ఫొటోలు తీసి అందరికీ పంపాను.

డిసెంబరు చివరికి హాల్లో సోఫా వెనక గోడ మీద మొదటి పొక్కు వచ్చింది. వేలితో నొక్కితే లోపల తడి. సంక్రాంతికి ఆ గోడంతా పొక్కులు. ఫిబ్రవరికి పెచ్చులు ఊడి, వాటి వెనక తెల్లటి ఉప్పు, నల్లటి బూజు. ఆ వాసనకు అత్తయ్యకు ఆయాసం మళ్ళీ వచ్చింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మా ఆయన ఒక రోజు రాత్రి భోజనం దగ్గర, "ఇరవై ఎనిమిది వేలు గోడకు తాగించాం" అన్నారు. నేను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. మేమిద్దరం రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు.

మార్చిలో పిల్లల పరీక్షలయ్యాక, నడుమెత్తు దాకా రంగు, పుట్టీ, సిమెంటు పూత అన్నీ గీకించేశాను. ఇటుకలు బయటపడ్డాయి. అలాగే నెలన్నర వదిలేశాం. వచ్చినవాళ్ళు చూసి ఏమనుకుంటారో అన్న సిగ్గు అప్పటికి నాకు పోయింది. ప్లాస్టిక్ కాగితం అంటించి వారానికోసారి చూసేదాన్ని. ఏప్రిల్ నెలాఖరుకు చుక్కలు కనిపించలేదు. అప్పుడు సున్నం కలిపిన పూత వేయించి, పైన వెల్ల కొట్టించాం. 14,500. రంగు మెరవదు. కానీ ఆ తర్వాతి వానాకాలం పొక్కు రాలేదు.

కుడివైపు పేజీ మొత్తం 87,500.

ప్రభుత్వం మునిగిన ఇళ్ళకు కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 చొప్పున ప్రకటించింది. మాకు 25,000 వచ్చింది. ఆ రోజుల్లో అది మాకు ఎంత ఆసరా అయిందో నాకు తెలుసు. దేశమంతటికీ ఉన్న విపత్తు సాయం నిబంధనలు చూస్తే ఇది చాలా నయం. 2022 నుంచి 2026 దాకా వర్తించే ఆ లెక్క ప్రకారం రెండు రోజులకు మించి మునిగిన ఇంటికి బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. ఈ పట్టిక చదువుతుంటే నాకు 1908 గుర్తొచ్చింది. ఇల్లు కూలిందా, ఎంత శాతం కూలింది, గిన్నెలు పోయాయా? ప్రశ్నలన్నీ పోయినవాటి గురించే, అంటే నా పుస్తకంలో ఎడమవైపు పేజీ. కుడివైపు పేజీకి ఆ పట్టికలో గడి లేదు.

అలాంటి గడి ఉండే చోటు కూడా ఉందని మా ఆడపడుచు వల్ల తెలిసింది. ఆమె వాళ్ళు అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటారు. 2017 ఆగస్టులో హార్వే తుపానుకు వాళ్ళింట్లోకి రెండడుగుల నీళ్ళు వచ్చాయి. అక్కడి గోడలు చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించినవి. ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుందని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. మనుషులు వచ్చి పలకలను నాలుగడుగుల ఎత్తు కోసి పారేసి, తేమ లాగే మిషన్లు, గాలి మిషన్లు పెట్టి, రోజూ గోడకు తేమ కొలిచే పరికరం ఆనించి అంకెలు రాసుకున్నారట. "వదినా, బిల్లులో ఆరబెట్టడం అని ఒక విడి భాగమే ఉంది. మిషనుకు రోజుకింత అని" అని చెప్పింది. అక్కడ మామూలు ఇంటి బీమాలో వరద కలవదు. 1968లో చేసిన చట్టంతో ప్రభుత్వమే వరద బీమా విడిగా నడుపుతోంది. అది తీసుకోనివాళ్ళకు అక్కడా అప్పులే. అక్కడంతా బాగుందని నేను అనడం లేదు. ఇల్లు ఆరబెట్టడం ఒక పని, దానికి రోజులు పడతాయి, ఆ రోజులకు ఖరీదు ఉంటుంది అని ఒక కాగితం మీద రాసి ఉండటం చూసి ఆశ్చర్యపోయాను.

మన దగ్గరా 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని బీమా కంపెనీలూ ఒకే నమూనాలో అమ్మే ఇంటి పాలసీ వచ్చింది. వరద అందులో ఉంది. మాకు లేదు. బండికి కట్టేవాళ్ళం, ఇంటికి కట్టాలని తోచలేదు. ఇప్పుడు కడుతున్నాం. పద్దు రాస్తున్నాను కాబట్టి ఈ సంగతీ రాయాలి కదా.

నేను బి.ఏ. తెలుగు చదివాను. మన భాషలో నీళ్ళు వచ్చేటప్పటి మాటలు ఎన్నో ఉన్నాయి. వరద, ముంపు, ఉప్పెన, వెల్లువ, గండి. నీళ్ళు పోయాక, ఇల్లు ఆరేదాకా ఉండే ఆ ఆరేడు నెలల కాలానికి పేరేమిటని ఆలోచించాను. నాకైతే తట్టలేదు. పేరు లేని కాలానికి పద్దు కూడా ఉండదేమో. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు ఆరబెట్టి చూడు అని కూడా అనాల్సింది.

మీలో ఎవరి ఇంట్లోకైనా నీళ్ళొస్తే నేను నేర్చుకున్న నాలుగు మాటలు. సామాను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపి పెట్టండి. నడుమెత్తు దాకా పుట్టీ, రంగు ముందే గీకించండి, దాచకండి. బయట ఎండ ఉన్నప్పుడు కిటికీలు తెరవండి, ముసురు పట్టినప్పుడు మూసేయండి. ప్లాస్టిక్ కాగితం మీద చుక్కలు పోయేదాకా రంగు డబ్బా కొనకండి. రెండు పేజీలూ రాయండి, ఒక్క ఎడమవైపే కాదు.

పోయిన వారం ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు కుడివైపు పేజీ అంచున పెన్సిలు టిక్కులు కనిపించాయి. వేరే పనేదీ లేకుండా ఇల్లు ఆరబెట్టడంలోనే పోయిన ప్రతి రోజుకూ ఒక టిక్కు పెట్టుకున్నాను, ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. లెక్కపెడితే 61 ఉన్నాయి. ఆ నెలల్లో మా వైపు ఆడకూలీ రోజుకు 600. మొత్తం కింద ఇంకో గీత గీసి, "నేను, 61 రోజులు, 36,600" అని రాశాను. రాశాక ఎవరైనా చూస్తారేమోనని చుట్టూ చూశాను, దొంగతనం చేసినట్టు.

అత్తయ్య చూసింది. కళ్ళజోడు పెట్టుకుని పేజీ అంతా పైనుంచి కిందిదాకా చదివింది. రంగుల పద్దు దగ్గర కాసేపు ఆగింది కానీ ఏమీ అనలేదు.

"మరి నాది?" అంది.

నిజమే. మేడ మీద ఆరేసిన బట్టలు, బొంతలు, పిల్లల సర్టిఫికెట్లు, తడిసిన ఫొటోలు, అన్నిటికీ కాకులు, కోతులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చున్నది ఆవిడే. ఆయాసపడుతూ రోజూ మెట్లెక్కింది.

"ఎన్ని రోజులు అత్తయ్యా?" అన్నాను.

"నాకేం తెలుసు, నలభై వేసుకో." కొంచెం ఆగి, "మా అమ్మది కూడా ఎక్కడైనా రాయి" అంది.

రాశాను. "అత్తయ్య, మేడ మీద కాపలా, 40 రోజులు." దాని కింద, "అమ్మమ్మగారు, గోడలు కడగడం, 1977, నెలన్నర." కూలి ఎంత వేయాలో ఇద్దరికీ తేలలేదు. ఆ గడి అలాగే ఖాళీగా ఉంది.